బండ వెనక రేవు

ఆ ఏడు మెల్‌బోర్న్‌లో దిగిన మనవాళ్ళందరిలోకీ, సముద్రానికి నడిచి వెళ్ళేంత దగ్గర్లో, అడిగిన అద్దె మీద వారానికి ముప్ఫై డాలర్లు తెగ్గొట్టి ఇల్లు సంపాదించింది నేనొక్కదాన్నే. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. మిగతావాళ్ళు అడిగినంతా ఇచ్చి, పైగా థాంక్యూ చెప్పి తాళాలు పుచ్చుకున్నారు. వాళ్ళు నూట అరవై చెప్పిన ఇల్లు నేను నూట ముప్ఫైకి తెచ్చాను. దానికి బదులు నేనిచ్చిందల్లా నా దగ్గర లేని ఒక సరుకు. ఈత.

అది తొంభై తొమ్మిది సెప్టెంబరు. మా ఆయన వై టూ కే పని మీద ఒక బ్యాంకులో ఆర్నెల్ల కాంట్రాక్టుకి వచ్చారు. పని పెద్దదేమీ కాదు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలున్న సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యాలి. ఆయన వీసా వెనకాల నేను. చేతిలో పనిలేదు, చేతికి బేరం అలవాటు.

ఇల్లు పడమటి వైపు, ఆల్టోనాలో. పెద్ద ఇంటి పెరట్లో రెండు గదుల వాటా. పెద్ద ఇంట్లో డెబ్భై ఏళ్ళ గ్రీకు ఆవిడ ఒక్కర్తే ఉండేది. బేరం ఆవిడతో కాదు, ఆవిడ కూతురితో. కూతురు ఊరికి అటు చివర ఉంటుంది, ఆదివారాలు తల్లిని చూడ్డానికి వస్తుంది.

నేను అప్పటికే గోడ మీది చెమ్మ మరక చూపించి పది, పొయ్యిలో ఒక బర్నర్ వెలగడం లేదని ఐదు తగ్గించి ఉన్నాను. ఇక ఇంతే అనుకుంటుంటే ఆమె హఠాత్తుగా అడిగింది.

"మీకు ఈత వచ్చా?"

"ఎందుకు అడుగుతున్నారు?" అన్నాను. గిరాకీకి ఏం కావాలో పూర్తిగా తెలుసుకోకుండా మాట ఇవ్వకూడదు.

"అమ్మ రోజూ పొద్దున సముద్రంలో ఈదుతుంది. ఇన్నాళ్ళూ పక్కింటావిడ తోడెళ్ళేది. ఆవిడ క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయింది. అమ్మ ఒక్కతే నీళ్ళలోకి దిగితే నాకు ఆఫీసులో చేతులాడవు. ఈత వచ్చినవాళ్ళెవరైనా తోడుంటానంటే ఇంకో పదిహేను తగ్గిస్తాను. లేకపోతే అమ్మ ఈత మానెయ్యాల్సిందే."

ఇక్కడ మా కొట్టు సంగతి కొంచెం చెప్పాలి. తెనాలిలో మా నాన్నకి స్టీలు సామాన్ల కొట్టు. పక్కది బాబాయిది, ఎదురుది మేనమామది. మా కొట్లలో ఒక పద్ధతి ఉంది. గిరాకీ వచ్చి ఏం అడిగినా 'లేదు' అనకూడదు. 'ఉందమ్మా, కూర్చోండి' అనాలి. ఆవిడ మంచినీళ్ళు తాగేలోగా వెనక గుమ్మం నుంచి బాబాయి కొట్టుకి వెళ్ళి, ఆ సరుకు తెచ్చి, మన అటక మీద నుంచి దించినట్టు ఓసారి గుడ్డ పెట్టి తుడిచి ముందు పెట్టాలి. దుమ్ము లేకపోయినా తుడవాలి. పదో తరగతికి వచ్చేసరికి ఈ తుడవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

"వచ్చు," అన్నాను.

గేటు దాటగానే మా ఆయన ఆగారు. "నీకు ఈత ఎప్పుడొచ్చిందే?"

"ఇంకా రాలేదండీ. తెప్పిద్దాం."

"తెప్పించడానికి అదేమన్నా ఇడ్లీ పాత్రా?"

"మీ రెజ్యూమేలో ఆరేళ్ళ కోబాల్ ప్రోగ్రామింగ్ ఉంది. మన పెళ్ళయి నాలుగేళ్ళు. పెళ్ళిచూపుల నాటికి మీరు ఇంటర్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతున్నారు. ఆ రెండేళ్ళూ ఏ కొట్లోంచి తెప్పించారు?"

ఆయన బస్టాపు వైపు నడిచారు.

తెప్పించడానికి నిజంగానే ప్రయత్నించాను. కౌన్సిల్ వాళ్ళ ఈతకొలనులో పెద్దవాళ్ళకి మొదటి తరగతి, ఎనిమిది వారాలకి అరవై డాలర్లు. అప్పటికే రెండు వారాలు అయిపోయాయని వాదించి నలభై ఐదుకి కుదుర్చుకున్నాను. నీళ్ళలో ముఖం పెట్టడం, ఊపిరి వదలడం ఆ రెండు వారాల్లోనే నేర్పారని తర్వాత తెలిసింది. నేను తగ్గించుకున్నది సరిగ్గా నాకు కావలసిన ముక్కే. ముఖం నీళ్ళకి తగలగానే నా ఊపిరి దానంతటదే ఆగిపోయేది. ఆరు వారాలూ మెట్ల దగ్గరి కడ్డీ పట్టుకుని కాళ్ళాడించాను. నేర్పే అమ్మాయి రోజూ "యు ఆర్ డూయింగ్ గ్రేట్" అనేది. ఆ దేశంలో కడ్డీ పట్టుకుని నిలబడ్డా గ్రేటే.

ఈలోగా తోడు మొదలైపోయింది. పొద్దున ఆరున్నరకి ఆవిడ నల్లటి స్విమ్ సూట్ మీద పాత గౌను తొడుక్కుని, తలకి తెల్ల టోపీ పెట్టుకుని నా తలుపు కొట్టేది. నేను చుడీదార్‌లో, భుజాన ఆవిడ తువ్వాలుతో. బీచిలో సముద్రంలోకి పొడుగ్గా వేసిన ఒక వంతెన ఉంది. పియర్ అంటారు. ఆవిడ దాని పక్కనే చివరిదాకా ఈది, తిరిగి వచ్చేది. మొదటి రోజు నన్ను రమ్మంది.

"ఆంటీ, నీళ్ళలో ఉంటే నాకు మీ తల ఒక్కటే కనిపిస్తుంది. పైనుంచైతే మొత్తం కనిపిస్తుంది. కాపలా అంటే పైనుంచే," అన్నాను.

ఆవిడ టోపీ సర్దుకుని, "తెలివైనదానివి," అంది.

అలా ఆవిడ కింద ఈదుతుంటే నేను పైన వంతెన మీద, అంతే వేగంతో, తువ్వాలు మోస్తూ నడిచేదాన్ని. తెల్ల టోపీ మీద నుంచి చూపు తిప్పేదాన్ని కాదు. ఆ టోపీ కాసేపు అల చాటుకి వెళ్తే వంతెన అంచు దాకా వెళ్ళి వంగి చూసేదాన్ని. వంతెన చివర ఒక వియత్నాం తాతగారు రోజూ పీతలు పట్టేవాడు. ముందుజాగ్రత్తగా ఆయనతో పరిచయం పెంచుకున్నాను. నాలుగో రోజున మెల్లగా అడిగాను, "మీకు ఈత వచ్చా?" అని. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపి, నా వైపు వేలు చూపించి కనుబొమ్మలెగరేశాడు. నేనూ తల అడ్డంగా ఊపాను. ఆ బీచి మొత్తం మీద నా నిజం తెలిసిన మనిషి ఆయనొక్కడే.

ఈత అయ్యాక ఆవిడ ఇసకలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటూ తన దీవి గురించి చెప్పేది. పందొమ్మిదేళ్ళకి ఓడెక్కి వచ్చేసిందట, మళ్ళీ వెళ్ళలేదు. దీవి అంటే ఇళ్ళూ మనుషులూ చెబుతుందనుకున్నాను. ఆవిడ రేవులే చెప్పేది. ఊరి ముందున్నది గులకరాళ్ళ రేవు. వేసవి మొదట్లో ఆడవాళ్ళంతా చలికాలం కప్పుకున్న ఉన్ని దుప్పట్లు అక్కడికే మోసుకొచ్చి సముద్రంలో ఉతికేవారు. తడిసిన దుప్పటిని నలుగురు పట్టుకుంటే గానీ లేవదు. దాని పక్కన చర్చి కింది రేవు. రాతి మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి, మూడో మెట్టు మీద ముళ్ళబంతుల్లాంటి జీవాలుంటాయి, తొక్కితే సూదితో, ఆలివ్ నూనెతో రోజంతా ముళ్ళు తీసుకోవాలి. కొండకి అటువైపు మేకల రేవు. మధ్యాహ్నం ఎండకి మేకలు దిగొచ్చి మెడదాకా నీళ్ళలో నిలబడతాయి, మనం వెళ్తే పక్కకి జరగవు.

"అన్నిటికన్నా బావున్నది ఏది?" అని ఒకసారి అడిగాను. సరుకు వరసగా చూపిస్తున్నారంటే మంచిది చివరికి దాచారని అర్థం.

"బండ వెనక రేవు," అంది.

దానికి దారి లేదట. రెండు వైపులా నిలువు కొండ. గులకరాళ్ళ రేవు నుంచి బయల్దేరి పెద్ద బండ చుట్టూ ఈదితేనే కనిపిస్తుంది. తెల్లటి సన్న ఇసక, పదిమంది పడుకునేంత చోటు. ఒడ్డుకి ఆనుకుని నీళ్ళ అడుగునుంచి తియ్యటి ఊట ఒకటి చల్లగా పొంగుతుంటుంది. ఆవిడా, వాళ్ళక్కా ఒక పుచ్చకాయని నీళ్ళలో ముందుకి తోసుకుంటూ, దాని వెనకాల ఈదుకుంటూ వెళ్ళేవారట. ఆ కాయని ఊటలో పెట్టి, చల్లబడేదాకా పడుకుని, బండకేసి పగలగొట్టుకుని తినేవారు. ఓడెక్కే ముందు రోజు కూడా వెళ్ళారు.

ఆ చెప్పడం విన్నాక ఇక లాభం లేదు, నిజం చెప్పేద్దామనుకున్నాను. ఈత వచ్చిన మనిషిని చూసుకోమంటాను, పదిహేను డాలర్లు పోతే పోయాయి అనుకున్నాను. "ఆంటీ, మీకో మాట చెప్పాలి," అన్నాను.

"నేనూ నీకో మాట చెప్పాలి. జూన్‌లో వెళ్తున్నాను. టికెట్టు కొనేశాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, బండ వెనక్కి. ఈ వంతెన చివరికి వెళ్ళి రావడమూ, బండ చుట్టూ తిరగడమూ ఒకటే దూరం. రోజూ ఎందుకు ఈదుతున్నాననుకున్నావు? మా అక్కకి మోకాళ్ళు పోయాయి, రాలేదు. గులకరాళ్ళ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేను తిరిగొచ్చి కనిపించేదాకా లేవదు. ముందు నా కూతురు ఒప్పుకోలేదు. ఆరు నెలలు ఇక్కడ సరిగ్గా ఈది చూపించమంది. నువ్వు తోడున్నావు గనక ఒప్పుకుంది." ఆగి అడిగింది, "నువ్వేం చెప్పాలి?"

"పొయ్యిలో రెండో బర్నర్ కూడా సరిగ్గా వెలగడం లేదు," అన్నాను.

ఆ రోజు నుంచి నేను ఎటూ కదల్లేని చోట ఇరుక్కున్నాను. నిజం చెబితే ఆవిడ ఈత పోతుంది, ఈతతో దీవి పోతుంది. చెప్పకపోతే ఆవిడ ప్రాణం నా చేతుల్లో ఉన్నట్టు అందరూ అనుకుంటారు, నా చేతుల్లో ఉన్నది తువ్వాలు.

జనవరి ఒకటో తారీఖు వచ్చింది, బ్యాంకుల్లో ఏమీ కూలిపోలేదు. మా ఆయన నాలుగంకెలు చేసినవన్నీ సక్రమంగా పనిచేశాయి. ఏమీ జరగలేదు గనక ఇక మీ అవసరం లేదన్నారు. ఫిబ్రవరి చివరితో కాంట్రాక్టు ముగిసిపోతుంది. ఆయన రోజంతా రెజ్యూమేలు పంపుతూ కూర్చునేవారు. నూట ముప్ఫై అద్దె కూడా అప్పుడు బరువుగానే కనిపించింది.

ఫిబ్రవరి మధ్యలో ఒక పొద్దున ఉత్తరపు గాలి లేచింది. మెల్‌బోర్న్ వేసవిలో అది ఎడారి మీంచి వస్తుంది, పొద్దున్నే ముఖానికి పొయ్యి ముందు నిలబడ్డట్టుంటుంది. ఆల్టోనా ఒడ్డు దక్షిణానికి తిరిగి ఉంటుంది గనక ఆ గాలికి ఒడ్డు దగ్గర అలలుండవు, నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటాయి. అది చూసి ఆవిడ సంబరపడింది. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే వంతెన చివరికి ఎన్నడూ లేనంత తొందరగా చేరింది. తిరిగి రావడం మొదలుపెట్టాక తెలిసింది. చేతులు వేస్తోంది, పక్కనున్న వంతెన స్తంభం మాత్రం మారడం లేదు. కాసేపటికి ఆ స్తంభమే ముందుకి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

"ఆంటీ, ఇటు, మెట్ల వైపు రండి," అని అరిచాను. వంతెన చివర నీళ్ళలోకి దిగే ఇనప నిచ్చెన ఉంది. ఆవిడ దాని వైపు తిరిగింది గానీ గాలి ఆవిడని వంతెన కొన దాటించేసింది. అప్పుడు మొదటిసారి తల పైకెత్తి నా వైపు చూసింది.

"దిగు," అంది. "దిగి చెయ్యి ఇవ్వు."

నేను నిచ్చెన చివరి మెట్టు దాకా దిగాను. నీళ్ళు నడుముకి తగిలాయి. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని రెండో చెయ్యి చాపాను. మా చేతుల మధ్య ఒక మనిషి పొడవు నీళ్ళున్నాయి. నిచ్చెన వదిలితే ఆ దూరం తీరుతుంది. నా వేళ్ళు వదల్లేదు. వదలమని నేను వాటికి చెప్పినట్టు కూడా గుర్తు లేదు.

"నాకు రాదు," అన్నాను. తెలుగులో అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. "ఐ కాంట్ స్విమ్, ఆంటీ."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. అంగట్లో తూకం చూసినట్టు చూసి, వెల్లకిలా తిరిగి, టోపీ ఊడకుండా ఒక చేత్తో పట్టుకుని తేలింది. గాలి ఆవిడని అలాగే తీసుకుపోతోంది.

వియత్నాం తాతగారు అప్పటికే తన పీతల వల పైకి లాగేశాడు. ఇనప చట్రానికి కట్టిన వల, దానికి పొడుగాటి తాడు. అందులో ఉన్న పీతల్ని వంతెన మీద కుమ్మరించి, వలని గాల్లో గిర్రున తిప్పి విసిరాడు. మొదటిది ఆవిడ కాళ్ళకి అవతల పడింది. రెండోది చేతికి తగిలింది. ఆవిడ చట్రం పట్టుకుంది. ఆయనా, నేనూ, ఈత రాని ఇద్దరం, చుట్టూ పీతలు పక్కకి పరుగులు తీస్తుంటే తాడు లాగాం. నిచ్చెన ఎక్కేటప్పుడు ఇనపరేకు గీసుకుని ఆవిడ మోకాలి కింద జానెడు తోలు లేచిపోయింది. వల చిరిగిపోయింది.

ఆవిడ వంతెన మీద కూర్చుని ఊపిరి తీసుకుని, తువ్వాలు కోసం చెయ్యి చాపింది. ఆ పని ఒక్కటి నేను సక్రమంగా చేశాను.

"నా కూతురికి చెప్పకు," అంది.

ఆదివారం కూతురు వచ్చింది. నేరుగా మా వాటాకి వచ్చింది. చేతిలో అక్రోటు పప్పు, తేనె వేసి చేసిన కేకు పళ్ళెం. గుమ్మంలోనే నన్ను కౌగిలించుకుంది.

"కాలికి ఆ దెబ్బేంటని అడిగితే అమ్మ అంతా చెప్పింది. బట్టలతోనే దూకారట. మీరు లేకపోతే ఏమైపోయేదో," అంది. కళ్ళు తడిగా ఉన్నాయి. "మార్చి నెల అద్దె ఇవ్వకండి. దయచేసి కాదనకండి. జూన్ ప్రయాణం గురించి నేను భయపడుతూనే ఉన్నాను. అంత గాలిలోనూ అమ్మ కంగారుపడకుండా తేలిందంటే ఇక ఫరవాలేదు, వెళ్ళనిస్తాను."

వెనక మా ఆయన కంప్యూటరు ముందు నుంచి లేచి నిలబడ్డారు. ఒక నెల అద్దె. నేను జన్మలో ఎన్నడూ అంత మంచి బేరం చూడలేదు, పైగా అడక్కుండా వచ్చింది. ఆంటీ తన అబద్ధంతో నా అబద్ధాన్ని తుడిచి, కొత్తదానిలా ముందు పెట్టింది. నేను పళ్ళెం పుచ్చుకుని ఊరుకుంటే చాలు.

కానీ ఆ మాటలు వింటున్నంతసేపూ నాకు కనిపిస్తున్నది పెద్ద బండ. దాని వెనక తాడు లేదు, నిచ్చెన లేదు, పీతలు పట్టే మనిషి లేడు. గులకరాళ్ళ మీద కుర్చీలో మోకాళ్ళు పోయిన ముసలావిడ ఒక్కర్తే ఉంటుంది, నాలాగే, ఒడ్డు మీద.

"నేను దూకలేదండీ. నాకు ఈత రాదు. ఎప్పుడూ రాదు," అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "ఇన్ని నెలలు?" అంది. ఊఁ అన్నాను. పళ్ళెం మాత్రం వెనక్కి తీసుకోలేదు, బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే వారం నుంచి నూట నలభై ఐదు," అంది. "చెమ్మా, బర్నరూ అలాగే ఉన్నాయి కదా." ఆమె కూడా సరైన మనిషే. లెక్క తప్పలేదు.

మర్నాడు పెరట్లో ఆంటీ బట్టలు ఆరేస్తోంది. తీగ మీద దుప్పట్లున్నాయి, నల్ల స్విమ్ సూట్ లేదు. నేను వెళ్ళి పక్కన నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

"నా కూతురు వెళ్ళమంది," అంది ఆవిడ, నా వైపు చూడకుండా. "తనూ వస్తుందట. నీళ్ళలో మోకాళ్ళ దాకానే దిగుతానని ఒట్టు పెట్టమంది. మోకాళ్ళ దాకా దిగడానికి అంత దూరం ఎందుకు? టికెట్టు రద్దు చేశాను."

"ఆంటీ, అక్కడ మీకేమన్నా అయితే ఎవరూ లేరు."

"మా అక్క ఉంది."

"ఆవిడకి మోకాళ్ళు..."

"చూసేది మోకాళ్ళతో కాదు." దుప్పటి మడత దులిపింది. "విను పిల్లా. నువ్వు నాకు ఈత అమ్మలేదు. అబద్ధం అమ్మావు. సరే, తెలియక కొన్నాను. కొన్నాక అది నాది. దాన్నైనా చివరిదాకా ఇవ్వాల్సింది."

నేను పట్టుకున్న కొసని తీగ మీద వేశాను. ఆ మాట మా నాన్న కూడా కాదనలేరనుకుంటాను. ఆ తర్వాత రెండు నెలలకి మా ఆయనకి సిడ్నీలో పని దొరికింది. వెళ్ళేరోజు ఆవిడ బయటికి వచ్చి గేటు తీసి పట్టుకుంది. కొన్నేళ్ళకి మేం మెల్‌బోర్న్ తిరిగొచ్చి పాయింట్ కుక్‌లో స్థిరపడ్డాం. ఆల్టోనా పావుగంట ప్రయాణం. పెద్ద ఇల్లు అప్పటికి వేరేవాళ్ళది. నేను ఇంకా ఈత నేర్చుకోలేదు.

లెక్క ఇది. ఇరవై నాలుగు వారాలు, వారానికి ముప్ఫై తగ్గింపు, ఏడు వందల ఇరవై. అందులో చెమ్మకీ బర్నర్‌కీ వచ్చిన సగం న్యాయమైనదే, దాన్ని పక్కన పెడుతున్నాను. ఈతకని తీసుకున్నది మూడు వందల అరవై. ఖర్చులు, ఈత క్లాసుకి నలభై ఐదు, తాతగారికి కొత్త వల పన్నెండు. నికరంగా మూడు వందల మూడు. వెళ్ళేముందు తీసుకెళ్ళి ఇస్తే కూతురు పుచ్చుకోలేదు, నేను రెండోసారి అడగలేదు. ఆవిడ వైపు, నాకు వదులుకున్న మూడు వందల అరవై, టికెట్టు రద్దుకి రెండు వందల యాభై, మొత్తం ఆరు వందల పది. దానికి ఆవిడకి దక్కింది ఇరవై నాలుగు వారాల ఈత. అది నా పుణ్యమేనని కొన్నాళ్ళు రాసుకున్నాను. కానీ బేరం నాడే నేను 'రాదు' అని ఉంటే వాళ్ళు ఇంకో మనిషిని వెతుక్కునేవారు. ఈత వచ్చినవాళ్ళకి ఆ ఊళ్ళో కొరత లేదు. మేం ఖాళీ చేశాక ఆ వాటాలోకి వచ్చిన అమ్మాయి ఈతకొలనులో కాపలా ఉద్యోగం చేసేదట. అందుకని ఆ ఇరవై నాలుగు వారాలూ నా వైపు నుంచి కొట్టేశాను. నష్టంలో గాలి వాటా గాలికి రాశాను, అది పెద్దదేమీ కాదు. మిగిలింది నాకు మూడు వందల మూడు డాలర్లు లాభం, ఆవిడకి ఆరు వందల పదీ, బండ వెనక రేవూ నష్టం.